చూసింది చెప్పు, ఎవరిదో చెప్పమాక

2026 ప్రపంచ బ్యాడ్మింటన్ పోటీలు ఢిల్లీకి వచ్చాయన్న వార్త చదివి మా అబ్బాయి ఫోన్ చేశాడు. "అమ్మా, ఈసారైనా టికెట్ కొనుక్కుని వెళ్ళి ఆట చూసిరా" అని నవ్వాడు. వాడి వేళాకోళం నాకు అర్థమైంది. ఈ పోటీలు మన దేశంలో మొట్టమొదటిసారి జరిగింది 2009 ఆగస్టులో, మన హైదరాబాద్‌లో, గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో. 10వ తేదీ నుంచి 16 దాకా ఆ వారమంతా నేను కోర్టుకి మూడు మీటర్ల దూరంలోనే ఉన్నాను. ప్రేక్షకులెవరికీ దొరకనంత దగ్గర కుర్చీ నాది. అయినా ఆట చూశానా అంటే చూశానని చెప్పలేను. నేను చూసింది గీత. 40 మిల్లీమీటర్ల వెడల్పున్న తెల్ల గీత.

ఆ పోటీల్లో నేను లైన్ జడ్జిని.

టీవీలో షటిల్ చూసేవాళ్ళకి మేం కనబడుతూనే ఉంటాం, గుర్తు మాత్రం ఉండం. కోర్టు చుట్టూ కుర్చీల్లో, అందరూ ఒకే రంగు బట్టల్లో, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కదలకుండా కూర్చునేవాళ్ళం మేమే. ఒక్కొక్కరికి ఒక్కో గీత అప్పగిస్తారు. షటిల్ ఆ గీతకి అవతల పడితే రెండు చేతులూ బార్లా చాచి, హాలంతా వినబడేలా "అవుట్" అని అరవాలి. లోపల పడితే నోరు మెదపకూడదు, కుడిచేత్తో గీతని చూపించాలి. అంతే. ఆటగాడు అడ్డమొచ్చి కనబడలేదనుకోండి, రెండు చేతులతో కళ్ళు మూసుకుని చూపించాలి. 'నాకు కనబడలేదు' అని వేలమంది ముందు ఒప్పుకోవడానికి కూడా ఒక పద్ధతి పెట్టిన ఆట ఇది. అది నాకు మొదటినుంచీ నచ్చిన సంగతి.

నిజానికి నేను షటిల్ క్రీడాకారిణిని కాను. మా రోజుల్లో గుంటూరు జిల్లా ఆడపిల్లలకి తెలిసిన ఆట బాల్ బ్యాడ్మింటన్. అటు ఐదుగురు, ఇటు ఐదుగురు, పసుప్పచ్చ ఉన్ని బంతి, ఎండలో మట్టి కోర్టు, సున్నంతో వేసిన గీతలు. అక్కడ తగాదా వస్తే తీర్చడానికి ఒక సులువుండేది. "సున్నం లేచిందా, లేదా?" లేస్తే లోపల, లేవకపోతే బయట. బి.పి.ఎడ్. చేసి, తెనాలి దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో పీఈటీగా చేరాక పిల్లలకి షటిల్ నేర్పించాల్సి వచ్చింది. జిల్లా పోటీలకి పిల్లల్ని తీసుకెళ్ళి, ఊరికే కూర్చోవడమెందుకని గీత దగ్గర కూర్చోవడం మొదలెట్టాను. తర్వాత పరీక్ష రాశాను. రాష్ట్ర పోటీలు, జాతీయ పోటీలు అయ్యాయి. అలా ఒకరోజు హైదరాబాద్ రమ్మని కబురొచ్చింది.

ఇండోర్ కోర్టులో సున్నం ఉండదు. ఆకుపచ్చ మ్యాట్ మీద షటిల్ పడితే మచ్చ కూడా మిగలదు. ఐదు గ్రాముల బరువు, పదహారు ఈకలు, అడుగున చిన్న బెండు. ఆ బెండు నేలని మొదట ఎక్కడ తాకిందన్నదే లెక్క. తాకిన మరుక్షణం అది ఎగిరి ఇంకెక్కడికో దొర్లిపోతుంది. దొర్లాక ఎక్కడుందో అందరికీ కనబడుతుంది. మొదట ఎక్కడ తాకిందో చూడాల్సింది నేను.

అందుకని మాకు చెప్పే మొదటి పాఠం, షటిల్‌ని చూడొద్దని. వినడానికి వింతగా ఉంటుంది. స్మాష్ కొట్టినప్పుడు రాకెట్ నుంచి షటిల్ గంటకి 300 కిలోమీటర్లు దాటిన వేగంతో బయల్దేరుతుంది. ఈకలకి గాలి అడ్డుపడి నేల చేరేలోపు బాగా నెమ్మదిస్తుంది కానీ, దాని వెంట మన కళ్ళు పరిగెత్తితే అది పడ్డాక గాని మనం చేరం. అందుకే అది మనవైపు వస్తోందని తెలియగానే కళ్ళు ముందే గీత మీదకి వచ్చేయాలి. గీత దగ్గర కూర్చుని ఎదురుచూడాలి, చుట్టం వచ్చే వేళకి గుమ్మంలో నిలబడ్డట్టు.

రెండో పాఠం, షటిల్ నేలని తాకేదాకా చెయ్యి లేవకూడదు. బయటికే పోతోందని ఎంత తెలిసినా సరే, పడకముందు అది బయట పడ్డట్టు కాదు.

మూడోది అన్నింటికంటే కష్టం. షటిల్ బయటికి పోతూ పోతూ ఆటగాడి రాకెట్‌కి తగిలిందనుకోండి. తగిలితే పాయింట్ అవతలివాళ్ళది. తగిలినట్టు నాకు తెలిసినా సరే, గీతకి బయట పడింది కాబట్టి నేను "అవుట్" అనే అరవాలి. తగిలిందా లేదా అన్నది అంపైర్ చూసుకుంటాడు. పాయింట్ ఎవరిదన్నది నా పని కాదు. షటిల్ ఎక్కడ పడిందన్నదే నా పని.

ఈ మూడో పాఠం నేను ఏ శిక్షణ తరగతిలోనూ కొత్తగా నేర్చుకోలేదు. మా నాన్న దగ్గర ఎప్పుడో నేర్చుకున్నాను.

మాది పొలాల ఊరు. నాన్న పొలం, పెదనాన్న పొలం పక్కపక్కనే. 1993లో పెదనాన్నకీ ఆయన అవతలి గట్టు రైతుకీ సరిహద్దు తగాదా వచ్చింది. పెద్దమనుషులు కూర్చున్నారు. హద్దురాయి మొదట ఎక్కడుండేదో చెప్పమని నాన్నని పిలిచారు. సొంత అన్న ఎదురుగా కూర్చుని ఉన్నాడు. నాన్న లేచి, "రాయి ఇప్పుడున్న చోట లేదు. రెండడుగులు ఇటుండేది. నేను చూశాను" అన్నాడు. ఆ రెండడుగులూ పెదనాన్న చేతిలోంచి పోయాయి. ఆ రోజునుంచి రెండిళ్ళకీ మాటల్లేవు. 1995లో నా పెళ్ళికి పెదనాన్న రాలేదు. నన్ను ఎత్తుకుని పెంచిన దొడ్డమ్మ గుమ్మం దాకా వచ్చి, లోపలికి రాకుండా నా చేతిలో వంద కాగితం పెట్టి వెళ్ళిపోయింది. ఆ రోజు నాన్న ముఖం నాకిప్పటికీ గుర్తే. చెప్పినందుకు బాధపడ్డాడని నేననుకోను. కానీ ఆ ఖర్చు ఆయన జీవితాంతం కట్టాడు.

హైదరాబాద్ వెళ్ళేముందు చెప్పిరావడానికి వెళ్ళాను. ప్రపంచ పోటీలంటే ఏమిటో, అక్కడ నా పనేమిటో నాన్నకి వివరించి చెప్పాను. అంతా విని, "అంటే అక్కడ కూడా హద్దురాయే కదంటమ్మాయ్" అన్నాడు. కాసేపాగి, "నువ్వు చూసింది చెప్పు. అది ఎవరిదో నువ్వు చెప్పమాక. అది చెప్పడం మొదలెడితే చూపు చెడిపోద్ది" అన్నాడు.

హైదరాబాద్ చేరేసరికి ఊరు మామూలుగా లేదు. ఆ ఆగస్టులో స్వైన్ ఫ్లూ భయం. బస్సుల్లో జనం ముక్కులకి గుడ్డలు కట్టుకుని తిరుగుతున్నారు. అంతకుముందు నవంబరులో ముంబయి దాడులు జరిగాయి. మార్చిలో లాహోర్‌లో శ్రీలంక క్రికెటర్ల బస్సు మీద కాల్పులు జరిగాయి. ఇప్పుడు గచ్చిబౌలి పోటీల మీద కూడా దాడి జరగొచ్చని పత్రికల్లో వార్త. ఆట మొదలుకాబోతుండగా ఇంగ్లండ్ జట్టు మొత్తం సామాన్లు సర్దుకుని వెళ్ళిపోయింది.

ఆ వార్త విన్నప్పుడు మా లైన్ జడ్జిల గుంపులో ఎవరం మాట్లాడలేదు. ఎవరి ప్రాణం వాళ్ళకి తీపి, తప్పు పట్టేదేముంది. కానీ ఇంటికి పిలిచిన చుట్టం గుమ్మం దాకా వచ్చి 'మీ ఇంట్లో ఉండటానికి భయంగా ఉంది' అని వెనక్కి తిరిగితే ఎలా ఉంటుందో అలా ఉంది. మా సీనియర్ ఒకాయన, రైల్వేలో పనిచేసేవారు, చివరికి ఒక మాటన్నారు. "వెళ్ళినవాళ్ళ సంగతి వదిలేయండి. ఉండిపోయినవాళ్ళు మనల్ని నమ్మి ఉన్నారు. పోలీసుల్ని నమ్మారు, వంటవాళ్ళని నమ్మారు, రేపు కోర్టులోకి దిగాక మన కళ్ళని నమ్ముతారు." ఆ మాటతో నాకు భయం పెరిగిందో తగ్గిందో చెప్పలేను గాని, నిద్ర మాత్రం పట్టలేదు.

మొదటి రోజుల్లో పక్కపక్కనే చాలా కోర్టులు. ఒక కోర్టులో "అవుట్" అని అరిస్తే పక్క కోర్టులో తల తిరుగుతుంది. తిరగకూడదు. గంటల తరబడి వంతులవారీగా కూర్చోవడం. సింగిల్స్‌కి లోపలి పక్కగీత, డబుల్స్‌కి బయటి పక్కగీత. మ్యాచ్ మారితే గీత మారుతుంది, గీతతోపాటు కుర్చీ జరుగుతుంది. ఏసీ గాలికి షటిల్ ఒకవైపు కొట్టుకుపోతుంటుంది. ఆటగాళ్ళు అది కనిపెట్టి, ఒక కొసన బలంగా కొట్టడం, ఇంకో కొసన కాస్త అదిమి కొట్టడం చేస్తారు. అందుకే గాలి వెనకనుంచి తోసే కొసనుంచి కొట్టిన దెబ్బలకి, అవతలి వెనక గీత దగ్గర కూర్చున్నవాడికి పని ఎక్కువ. ఇదంతా నేను చూసి నేర్చుకున్నది కాదు, షటిల్ నా గీత దగ్గర పడే తీరుని బట్టి ఊహించుకున్నది. ఆటగాళ్ళ ముఖాలు చూసే తీరికే లేదు. బూట్లు మాత్రం బాగా గుర్తు. ఎవరి బూట్లు కిర్రుమంటాయో, ఎవరివి చప్పుడు లేకుండా జారతాయో ఇప్పటికీ చెప్పగలను.

రెండోరోజో మూడోరోజో మనవాళ్ళ మ్యాచ్ ఒకదానికి నన్ను పక్కగీత దగ్గర వేశారు. పేర్లు వద్దు. మూడో గేము, స్కోరు దగ్గర దగ్గరగా ఉంది. హాలంతా "ఇండియా, ఇండియా" అని హోరు. ఆ హోరు చెవులతో వినేది కాదు, కుర్చీ కింద నేలలోంచి కాళ్ళలోకి ఎక్కుతుంది. మనవాడు అడ్డంగా ఒక స్మాష్ కొట్టాడు. బ్రహ్మాండమైన దెబ్బ. జనం అప్పుడే లేచి చప్పట్లు కొట్టేశారు. షటిల్ గీతకి అవతల, బొటనవేలంత దూరంలో పడింది. బెండు పచ్చటి మ్యాట్‌ని తాకింది, తెలుపుని తాకలేదు. నా చేతులు చాచుకున్నాయి. నోరు "అవుట్" అంది.

హాలు ఒక్కసారి చల్లబడి, మరుక్షణం గోలెత్తింది. నా వెనక సీట్లలోంచి అచ్చ తెలుగులో తిట్లు వినబడ్డాయి. "మనదేశమేనా నీది?" అని ఎవరో అరిచారు. ఆటగాడు నాదగ్గరికి నాలుగడుగులు వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని నావైపే చూస్తూ నిలబడ్డాడు. అప్పుడు మేం మాట్లాడకూడదు, తల తిప్పకూడదు, సంజాయిషీ ఇవ్వకూడదు. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని ఎదురుగా చూస్తూ కూర్చోవాలి. లైన్ జడ్జి చెప్పింది కచ్చితంగా తప్పని అనుమానం లేకుండా తెలిస్తే దాన్ని మార్చే అధికారం అంపైర్‌కి ఉంటుంది. ఆయన మార్చలేదు. ఆట సాగింది.

ఆ రోజుల్లో మళ్ళీ వెనక్కి తిప్పి చూసే యంత్రం లేదు. సున్నం లేదు, మచ్చ లేదు. షటిల్ అప్పటికే దొర్లిపోయి ఆటగాడి చేతిలో ఉంది. అది బయట పడిందనడానికి ప్రపంచంలో ఉన్న సాక్ష్యం నా రెండు కళ్ళే. నేను చూశాను. అంతకుమించి చూపించడానికి నాదగ్గర ఏమీ లేదు. పెద్దమనుషుల మధ్య లేచి నిలబడ్డ నాన్న దగ్గర కూడా అంతకుమించి ఏమీ లేదని నాకు అప్పుడు తట్టింది. 16 ఏళ్ళుగా ఆ తగాదా గురించి నేను 'నాన్న ఊరుకుంటే పోయేదిగా, అన్నదమ్ములు కలిసుండేవాళ్ళు' అని లోలోపల అనుకుంటూనే ఉన్నాను. ఆ కుర్చీలో కూర్చున్న ఆ అరనిమిషంలో నాకు తెలిసింది. ఊరుకోవడం కూడా ఒకరి పక్షాన చెయ్యి ఎత్తడమే.

మర్నాడు భోజనాల దగ్గర ఆ ఆటగాడు పళ్ళెం పట్టుకుని సరిగ్గా నా వెనకే వరసలో నిలబడ్డాడు. నన్ను గుర్తుపట్టలేదు. "ఆంటీ, పెరుగు అటుంది" అని దారి చూపించాడు. నవ్వొచ్చింది. మేం ముఖాలం కాదు, చేతులం మాత్రమే. అలా ఉండటమే మంచిది.

శుక్రవారం క్వార్టర్ ఫైనల్స్. సైనా నెహ్వాల్ ఆట. ఆ పిల్ల జూన్‌లోనే ఇండొనేషియా ఓపెన్ గెలిచి, సూపర్ సిరీస్ టైటిల్ కొట్టిన తొలి భారతీయురాలైంది. హైదరాబాద్‌లో పెరిగి, హైదరాబాద్‌లోనే గోపీచంద్ దగ్గర నేర్చుకున్న అమ్మాయి. సరిగ్గా సొంత ఊళ్ళో ప్రపంచ పోటీలు పెట్టేవేళకి ఆటలమ్మ పోసింది. ఇంకొకరైతే పడుకునేవాళ్ళు. ఆ నీరసంతోనే దిగి క్వార్టర్స్ దాకా వచ్చింది. అప్పటికి మన ఆడపిల్లలెవరూ సింగిల్స్‌లో ప్రపంచ పోటీల్లో అంతదూరం రాలేదు. అవతల చైనా అమ్మాయి వాంగ్ లిన్.

ఆ మ్యాచ్‌కి నా వంతు పడలేదు. బతికిపోయాననుకున్నాను. అధికారులు నిలబడే మూలనుంచి మొదటిసారి గీత వదిలేసి ఆట చూశాను. సైనా రెండు గేముల్లోనే ఓడిపోయింది, కానీ రెండో గేము చివరిదాకా లాగింది. నేను గమనించింది ఇంకోటుంది. ఆ హోరులో, వేలమంది గొంతుల్లో, వాంగ్ లిన్ కొట్టిన షటిళ్ళు గీతల మీద పడ్డప్పుడల్లా మా తోటివాళ్ళు, మన తెలుగువాళ్ళే, కుడిచెయ్యి చాచి గీతని చూపిస్తున్నారు. లోపలే, లోపలే అని. ఆ అమ్మాయి ఒక్కసారి కూడా అనుమానంగా తలతిప్పి చూడటం నా కళ్ళబడలేదు. పరాయి దేశంలో, తనకి ఒక్క చప్పట లేని హాల్లో, ఆ గీతలు తనవి కూడా అని నమ్మి ఆడింది. సైనా ఓడిందని ఏడుపొచ్చింది నాకు, అబద్ధమెందుకు. అయినా ఆ నమ్మకం చూస్తే ఎక్కడో గర్వంగా కూడా అనిపించింది. ఇంటికొచ్చిన చుట్టానికి కొలిచి పెట్టకుండా కడుపునిండా పెట్టినట్టు.

ఇక్కడ మా ఊళ్ళో ఇంకో కథ నడిచింది. అది నాకు తర్వాత తెలిసింది. నేను టీవీలో కనబడతానని మా తమ్ముడు ఊరంతా చాటాడు. సరిగ్గా ఆ రోజు మా వీధిలో కేబుల్ రాలేదు. పెదనాన్న ఇంట్లో డిష్ ఉంది. పెదనాన్న మనవడు పరిగెత్తుకొచ్చి, "తాతయ్యా, మా తాత రమ్మంటున్నాడు, అత్త టీవీలో వస్తోందంట" అన్నాడట. నాన్న కాసేపు అరుగు మీదే కూర్చుని, తర్వాత కండువా దులిపి భుజాన వేసుకుని వెళ్ళాడట. 16 ఏళ్ళ తర్వాత ఆ గుమ్మం తొక్కడం. ఇద్దరూ టీవీ ముందు కూర్చున్నారు. షటిల్ గురించి ఇద్దరికీ ఏమీ తెలియదు. "ఏది మన పిల్ల?" అన్నాడట పెదనాన్న. "ఆ చివర కుర్చీ. బూట్లు కనబడుతున్నాయే, అదే" అన్నాడట నాన్న. గంటసేపు నా బూట్లు చూసి, దొడ్డమ్మ ఇచ్చిన కాఫీ తాగి వచ్చేశాడు. పొలం మాట ఇద్దరూ ఎత్తలేదు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ ఎత్తలేదు. కానీ ఆ సంక్రాంతికి పెదనాన్న ఇంటినుంచి అరిసెలొచ్చాయి.

ఆదివారం ఫైనల్స్. ఒక్కటే కోర్టు, దాని మీదే దీపాలన్నీ. లిన్ డాన్ తన దేశంవాడే అయిన చెన్ జిన్‌ని ఓడించి మూడోసారి ప్రపంచ విజేత అయ్యాడు. ఆడవాళ్ళలో లూ లాన్ గెలిచింది. మిక్స్‌డ్ డబుల్స్ డెన్మార్క్ జంట లేబోర్న్, రిటర్ యూల్ పట్టుకుపోయారు. అన్నిటికంటే నాకు మిగిలిపోయింది పురుషుల డబుల్స్. చైనా జంట కాయ్ యున్, ఫూ హైఫెంగ్ ఒకవైపు. కొరియా జంట జంగ్ జే సంగ్, లీ యాంగ్ డే ఇంకోవైపు. చెరో గేము అయ్యాయి. మూడో గేము 20 దగ్గర సమమైంది. అక్కణ్ణుంచి రెండు పాయింట్ల తేడా వస్తేగాని గెలుపు లేదు. 22 దాటింది, 24 దాటింది, 26 దాటింది. ఫూ హైఫెంగ్ స్మాష్ అంటే ఆ రోజుల్లో ప్రపంచానికే దడ. జంగ్ పొట్టివాడు, కానీ గాల్లోకి లేస్తే దిగడు. చివరికి 28–26తో చైనా గెలిచింది.

నేను ఆ ఆటకి కూడా ఖాళీయే. కానీ అలవాటైపోయిన కళ్ళు ఆటగాళ్ళ మీద నిలబడలేదు. అవతలి పక్కగీత దగ్గర కూర్చున్న మా సీనియర్, రైల్వే ఆయన మీదకే పోయాయి. ప్రతి పాయింటూ ప్రపంచ కప్పు ఎవరిదో తేల్చే పాయింటే. ఆయన గీతకి జానెడు దూరంలో షటిళ్ళు పడుతున్నాయి. ఆయన చెయ్యి లేస్తోంది, మళ్ళీ మోకాలి మీదకి వస్తోంది. ముఖంలో ఏమీ లేదు. ఆట అయ్యాక కొరియా కుర్రాళ్ళిద్దరూ నేల మీద కూలబడ్డారు. తర్వాత లేచి, చేతులు కలిపి, నడిచి వెళ్ళిపోయారు. ఒక పాయింట్ గురించి కూడా తగువు పెట్టలేదు. జంగ్ జే సంగ్‌కి ప్రపంచ విజేత అనిపించుకునే అదృష్టం ఆ తర్వాత కూడా పట్టలేదు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో ఆ జంటకి కాంస్యం వచ్చింది. 2018లో, 35 ఏళ్ళకే, గుండెపోటుతో పోయాడని పేపర్లో చదివినప్పుడు నాకు ఆ 28–26 గుర్తొచ్చింది. రెండు పాయింట్లు. నాన్న చెప్పిన రెండడుగుల లాగే. ఒక మనిషి జీవితంలో అవి ఎంత పెద్దవో పక్కన కూర్చున్నవాళ్ళకి తెలిసే ఉంటుంది. తెలిసి కూడా చూసిందే చెప్పాలి.

స్కూలుకి తిరిగొచ్చాక పిల్లలు చుట్టూ మూగారు. సైనాని చూశారా, లిన్ డాన్‌ని ముట్టుకున్నారా అని ప్రశ్నలు. తొమ్మిదో తరగతి పిల్లాడొకడు మాత్రం సూటిగా అడిగేశాడు. "మేడమ్, దగ్గరదగ్గరగా పడినప్పుడు మనోళ్ళకి ఒకటి ఇచ్చుండొచ్చుగా? ఎవరికి తెలుస్తుంది?"

వాడికి ఉపన్యాసం ఇవ్వలేదు. ఆ సాయంత్రం తొమ్మిదికీ పదికీ మ్యాచ్ పెట్టి, వాణ్ణి సున్నం గీత దగ్గర కూర్చోబెట్టాను. చివరి పాయింటు వాడి క్లాసు కెప్టెన్ కొట్టింది బయట పడింది. వాడు నావైపు చూశాడు, వాళ్ళ కెప్టెన్ వైపు చూశాడు, తర్వాత నెమ్మదిగా రెండు చేతులూ చాచాడు. క్లాసు క్లాసంతా వారం రోజులు వాడితో మాట్లాడలేదు. నాకు జాలేసింది. పిలిచి మాట్లాడదామనుకుంటే వాడే వచ్చాడు. "మేడమ్, ఎవరికి తెలుస్తుందని అడిగాను కదా. నాకు తెలుస్తుంది" అన్నాడు. ఇంకేం చెప్పాలి వాడికి.

ఆ పోటీలు అయిన రెండు వారాలకే, సెప్టెంబరు 2న, ముఖ్యమంత్రి రాజశేఖర రెడ్డి గారి హెలికాప్టర్ ప్రమాదం. ఆ తర్వాత రాష్ట్రంలో ఒకటే ఉద్యమాలు. గచ్చిబౌలిలో ప్రపంచ పోటీలు జరిగిన సంగతే చాలామంది మర్చిపోయారు. కానీ ఆటలో మాత్రం ఊరు ఎదిగింది. 2017లో గ్లాస్గోలో మన సింధు, జపాన్ ఒకుహరాతో గంటా 50 నిమిషాలు ఆడింది. రెండో గేము 73 షాట్ల ర్యాలీతో గెలుచుకుంది. మా ఇంట్లో అందరూ ఊపిరి బిగబట్టి షటిల్ చూస్తుంటే, నేను గీత దగ్గరవాళ్ళని చూస్తున్నాను. 73 సార్లు షటిల్ వచ్చీపోతుంటే రెప్పవేయకుండా కూర్చోవడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. సింధు ఓడింది. 2019లో బాసెల్‌లో అదే ఒకుహరాని 21–7, 21–7తో ఓడించి ప్రపంచ విజేత అయింది.

ఇప్పుడు పెద్ద పోటీల్లో కెమెరాలొచ్చాయి. ఆటగాడికి అనుమానమొస్తే చెయ్యెత్తి అడగొచ్చు. తెర మీద షటిల్ బొమ్మ పడి, ఎక్కడ తాకిందో చూపించేస్తారు. ఒక మ్యాచ్‌లో రెండుసార్లు అడిగింది తప్పని తేలితే ఇక అడిగే హక్కు పోతుంది. "ఇంక మీ పనేముంది?" అని మా అబ్బాయి అంటుంటాడు. నాకు మాత్రం ఆ యంత్రం వచ్చినందుకు సంతోషమే. నిజం తేలడమే కావాల్సింది, నా కళ్ళతో తేలితేనేం, కెమెరాతో తేలితేనేం. కానీ తెర మీద బొమ్మ పడేలోపు, ముందు ఒక మనిషి చెప్పాలి. ఆ మనిషి దేశం ఒకవైపు ఆడుతుంటుంది. హాలంతా ఒకే పేరు అరుస్తుంటుంది.

ఢిల్లీలో ఆ కుర్చీల్లో కూర్చోబోయే పిల్లల్లో మన తెలుగువాళ్ళు కూడా ఉంటారనుకుంటాను. వాళ్ళకి శిక్షణ ఇచ్చేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు, నేను చెప్పడానికి కొత్తగా ఏమీ లేదు. సాత్విక్ స్మాష్ కొట్టినా, అవతలివాళ్ళు కొట్టినా, గీత ఒక్కటే. అది మనవాళ్ళ గెలుపు కంటే వెడల్పు ఉండదు, ఇరుకూ ఉండదు. నాన్న పోయి తొమ్మిదేళ్ళయింది. పెదనాన్న అంతకుముందే పోయాడు. ఆ రెండడుగుల నేల ఇప్పుడు ఎవరి సాగులో ఉందో కూడా నాకు తెలియదు. హద్దురాయి మాత్రం నాన్న చూపించిన చోటే ఉంది.